కల్తీ లేని రక్తం

రక్తంలో నీళ్ళు కలుపుతోందన్న అభియోగం మీద సాలిపేట జిల్లా ఆసుపత్రి ల్యాబ్ టెక్నీషియన్ రామతులసికి మెమో వచ్చేనాటికి, ఆమె ఆ ఉద్యోగంలో చేరి ఇరవై రెండేళ్ళయింది. ఇన్నేళ్ళలోనూ ఆమె మీద వచ్చిన ఫిర్యాదు ఒక్కటే. సూది గుచ్చే ముందు "చీమ కుట్టినట్టు ఉంటుందంతే" అని అబద్ధం చెబుతుందని.

సంగతి ఎక్కడ మొదలైందంటే, ఆ ఏడు ప్రభుత్వం వారు ఒక నెలను కల్తీ నిర్మూలన మాసంగా ప్రకటించారు. జిల్లాకు పదిహేను వందల కేసులు పట్టాలని లక్ష్యం పెట్టారు. సాలిపేట జిల్లాకు ప్రత్యేకాధికారిగా విశ్వపతి గారనే ఆయన వచ్చారు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేముందు ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవారు. అంత నిష్ఠాపరుడు. కారంలో ఇటుకపొడి పట్టారు, తేనెలో బెల్లం పాకం పట్టారు, పెట్రోలులో కిరసనాయిలు పట్టారు. ఆఖరికి రామకథలో పిట్టకథలు కలుపుతున్నాడని ఓ హరిదాసు మీద కూడా కేసు రాశారు. అలా ఎంత కష్టపడ్డా లెక్క పద్నాలుగు వందల ఎనభై ఏడు దగ్గర ఆగిపోయింది. నెల ఇంకా మూడు రోజులే ఉంది. పదమూడు కేసులు తక్కువ.

ఆ పదమూడింటిని వెతుక్కుంటూ విశ్వపతి గారి జీపు ఆసుపత్రి ఆవరణలోకి వచ్చింది. ముందు క్యాంటీన్‌కి వెళ్ళారు. అక్కడి సాంబారులో కల్తీ చేయడానికి వీలుగా అసలు వస్తువంటూ ఏదీ లేదని తేలింది. నిరాశగా బయటికొస్తుంటే ఎదురుగా ల్యాబ్ కనిపించింది.

రామతులసి అప్పుడు ఇమ్యునోఅస్సే మిషను ముందు కూర్చుని ఉంది. క్యాన్సర్ గడ్డలు కొన్ని రక్తంలోకి ఒక రకం ప్రోటీన్ వదులుతాయి. అది ఎంతుందో కొలిచి అంకె చెప్పడం ఆ మిషను పని. ఆ అంకె చూసుకుని డాక్టర్లు గడ్డ సంగతీ, మందు పని చేస్తోందా లేదా అన్న సంగతీ తేల్చుకుంటారు. అయితే మిషను వెయ్యి వరకే లెక్కపెట్టగలదు. అంతకన్నా ఎక్కువుందని అనిపిస్తే శాంపిల్‌ని వంద రెట్లు పలచన చేసి పెట్టి, వచ్చిన అంకెను వందతో హెచ్చించి రాస్తారు. ప్రపంచంలో ఏ ల్యాబ్‌లోనైనా చేసేది అదే. రామతులసి అలా చేసిన ప్రతిసారీ రిజిస్టర్లో ఎర్రసిరాతో రాసేది. ఆ ఎర్రసిరానే కొంప ముంచింది.

"ఇదేమిటమ్మా, ఇక్కడ వంద రెట్లు అని ఉన్నది?" అన్నారు విశ్వపతి గారు, రిజిస్టరు వాసన చూస్తూ.

"డైల్యూషన్ అండీ. శాంపిల్ చిక్కగా ఉంటే పలచన చేస్తాం."

"పలచన. అనగా నీరు కలుపుదురు."

"నీళ్ళు కాదండీ. డైల్యూయెంట్ అని వేరే ద్రావణం ఉంటుంది. కంపెనీ వాళ్ళే ఇస్తారు."

విశ్వపతి గారి ముఖం వెలిగిపోయింది. "అనగా నీరు సైతం కాదు. రసాయనము! అందునా బయటి వ్యక్తులు సరఫరా చేయుచున్నారు. ఎన్ని పాళ్ళు?"

"ఒక పాలు రక్తపు తేటకి తొంభై తొమ్మిది పాళ్ళు."

విశ్వపతి గారు కుర్చీలో కూలబడ్డారు. జిల్లాలో పేరుమోసిన పాల వ్యాపారులను చూశారాయన. వాళ్ళలో అతి దుర్మార్గుడు కూడా సగానికి సగం మించి కలపలేదు. ఒకటికి తొంభై తొమ్మిది! అదీ పట్టపగలు, అదీ ఎర్రసిరాతో, అదీ సంతకం పెట్టి! వేలు పెట్టి ఆ నెల ఎర్రసిరా పద్దులు లెక్కబెట్టారు. సరిగ్గా పదమూడున్నాయి.

"ఈశ్వరుడున్నాడు" అన్నారు.

మర్నాడు వచ్చిన మెమో చేత్తో పట్టుకుని రామతులసి సూపరింటెండెంట్ గదికి వెళ్ళింది. సూపరింటెండెంట్ డాక్టర్ గుణాకరరావు రిటైర్మెంటుకి పధ్నాలుగు నెలల దూరంలో ఉన్నాడు. ఆ దూరాన్ని ఎవరితోనూ గొడవ పడకుండా నడిచేయాలన్నదే ఆయన ఒకే ఒక్క కోరిక.

"చూడమ్మా తులసీ, 'ఇకమీదట కలపను' అని ఓ ముక్క రాసిచ్చెయ్."

"కలపకపోతే అంకె తప్పొస్తుంది సార్. మీకు తెలియంది కాదు."

"నాకు తెలుసు. అందుకే నన్నడక్కు. తెలిసినవాణ్ణి అడిగితే నేను చెప్పాల్సొస్తుంది."

రామతులసి రెండు రాత్రుళ్ళు కూర్చుని, ప్రోటీన్ అంటే ఏమిటి, మిషను ఎలా పని చేస్తుంది, ఎందుకు పలచన చేయాలి, అన్నీ బొమ్మలతో సహా నాలుగు పేజీల సంజాయిషీ రాసింది. వారం తిరక్కుండా అది వెనక్కి వచ్చింది. దాని మీద విశ్వపతి గారు స్వహస్తాలతో రాశారు: "సంజాయిషీ పలచగా ఉన్నది."

దాంతోపాటే ఉత్తర్వులూ వచ్చాయి. ఇకమీదట ఆసుపత్రిలో ఏ రక్తనమూనాలోనూ నీరు గానీ, ఇతర ద్రవములు గానీ కలపరాదు. ప్రతి నమూనా చిక్కదనమును లాక్టోమీటరుతో పరీక్షించవలెను. ఇందుకు పాల శీతలీకరణ కేంద్రం నుండి ఒక అనుభవజ్ఞుని డెప్యుటేషన్ మీద నియమించడమైనది.

ఆ అనుభవజ్ఞుడి పేరు బంగారునాయుడు. ముప్పై ఏళ్ళుగా తెల్లవారక ముందే లేచి పాలడబ్బాల్లో లాక్టోమీటరు ముంచిన మనిషి. ల్యాబ్‌లో చేరిన రోజున రక్తం సీసా చేతిలోకి తీసుకుని చాలాసేపు దిగులుగా చూశాడు.

"తులసమ్మా, ఇది చిటికెన వేలంత ఉంది. నా లాక్టోమీటరు తేలాలంటే పావులీటరు కావాలి."

"పావులీటరు రక్తం ఎవరిస్తారండీ?"

"ఉత్తర్వు కదమ్మా. అడిగి చూద్దాం."

అడిగి చూశారు. ముందు బెంచీలో ఉన్న ఏడుగురు వెళ్ళిపోయారు. వాళ్ళు చెప్పగా గేటు దగ్గరున్నవాళ్ళు కూడా వెళ్ళిపోయారు. రెండు రోజులు ల్యాబ్ ముందు ఈగ లేదు. మూడో రోజున, నమూనాలకు బదులు ప్రతి ఉదయం ఒక లోటాడు ఆవుపాలను ప్రతినిధి నమూనాగా పరీక్షించవచ్చునని సవరణ ఉత్తర్వు వచ్చింది. బంగారునాయుడు ఊపిరి పీల్చుకున్నాడు. రోజూ పాలు తెచ్చి, లాక్టోమీటరు ముంచి, "రక్తము చిక్కగా ఉన్నది" అని రిజిస్టర్లో రాసి, ఆ పాలతో ఇద్దరికీ టీ కాచేవాడు. ల్యాబ్ గుమ్మానికి "ఇచ్చట స్వచ్ఛమైన, కల్తీ లేని రక్తము మాత్రమే పరీక్షింపబడును" అని బోర్డు కట్టారు. జనం ఆ బోర్డు చదువుకుని సంతోషించారు. అంతకు ముందు దేన్ని పరీక్షించేవారో అని కొందరికి అనుమానం వచ్చింది గానీ అడగలేదు.

విశ్వపతి గారు అక్కడితో ఆగలేదు. ఓ సాయంత్రం వార్డులో తిరుగుతూ సెలైన్ సీసా చూశారు. ఉప్పునీళ్ళు, మనిషి రక్తంలోకి, తిన్నగా, గొట్టం వేసి మరీ కలుపుతున్నారు! "సీసాలో కలుపుటే నేరము కాగా, ఏకంగా మనిషిలోనా?" అని ఆయన కేకలు పెట్టారు. సెలైన్ నిషేధించారు. ఆ పూట వాంతులూ విరేచనాలతో వచ్చిన పదకొండు మంది ప్రాణాలు సిస్టర్లు కాపాడారు. ఎలాగంటే, కేసు షీట్లలో సెలైన్ అన్న మాట కొట్టేసి "రోగికి దాహం తీర్చడమైనది (చేతి ద్వారా)" అని రాశారు. దాహం తీర్చడానికి ఏ నిబంధనా అడ్డు లేదు.

ల్యాబ్‌లో మాత్రం అలాంటి సందు దొరకలేదు. వెయ్యి దాటిన వాళ్ళందరికీ మిషను "వెయ్యికి పైన" అని ఊరుకునేది. లక్ష ఉన్నవాడూ అంతే, పదకొండొందలున్నవాడూ అంతే. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ప్రోటీన్ మరీ మితిమీరి ఉంటే మిషను మోసపోయి, తక్కువ అంకె చూపిస్తుంది. రామతులసికి అది తెలుసు. ఎప్పుడు ఎవరికి ఎదురవుతుందోనని బిక్కుబిక్కుమంటూ ఉండేది.

మూడు నెలల లెక్కలు తీసిన విశ్వపతి గారికి ఓ అద్భుతం కనిపించింది. సాలిపేట జిల్లాలో లక్ష దాటిన అంకె ఒక్కటీ లేదు. వెనకటి ఏడాది తొమ్మిదున్నాయి. పత్రికలకు ప్రకటన ఇచ్చారు: "రక్తకల్తీని అరికట్టిన ఫలితంగా జిల్లాలో తీవ్రస్థాయి క్యాన్సర్ నూరు శాతం నిర్మూలింపబడినది." రాజధాని నుంచి ఆయనకు ప్రశంసాపత్రం వచ్చింది. కల్తీ నిర్మూలన మాసాన్ని కల్తీ నిర్మూలన సంవత్సరంగా పొడిగించారు.

అలాంటి రోజుల్లో లోవరాజు వచ్చాడు.

లోవరాజు కరెంటాఫీసులో లైన్‌మన్. ఇరవై తొమ్మిదేళ్ళు. గాలివానకి తీగలు తెగిన ఊళ్ళలో వరసగా ఎనిమిది స్తంభాలెక్కిన మనిషి, ఇప్పుడు ల్యాబ్ మెట్లు మూడెక్కి ఆయాసపడ్డాడు. ప్యాంటు జారిపోకుండా నడుముకి తాడు కట్టుకున్నాడు. పొట్ట మాత్రం ఓ పక్కకి ఉబ్బి ఉంది. పక్కన వాళ్ళావిడ సత్యవేణి.

"ఎన్నాళ్ళనించీ ఇలా?" అంది రామతులసి.

"నడుం నొప్పనీసి నాలుగు నెల్లు దాసీసినాడమ్మా" అంది సత్యవేణి. "స్తంభాలెక్కితే అలాగే ఉంటాదన్నాడు. నేనే లాక్కొచ్చీసినాను. అడగండి, నోరిప్పుతాడేటో."

లోవరాజు నేల చూపులు చూశాడు. "అంత పెద్దదేటి కాదు మేడం."

"చీమ కుట్టినట్టు ఉంటుందంతే" అని రామతులసి రక్తం తీసుకుంది.

మిషను ముప్పై ఎనిమిది చూపించింది.

గంట తిరక్కుండా సర్జన్ డాక్టర్ సుగుణమ్మ ఆ కాగితం పట్టుకుని ల్యాబ్‌లోకి దూసుకొచ్చింది. ఆవిడ నెమ్మదిగా మాట్లాడ్డం ఆసుపత్రిలో ఎవరూ వినలేదు.

"ఏంటి తులసీ ఇది? స్కానింగ్‌లో వాడి కడుపులో గడ్డ కొబ్బరికాయంత ఉంది. నీ అంకె చూస్తే ఆవగింజంత. ఇది కుర్రాళ్ళకొచ్చే రకం. వెంటనే పట్నం పంపితే మందులతో కరిగిపోతుంది, బతుకుతాడు. పంపాలంటే ఉచిత వైద్యం కంప్యూటరు ఒప్పుకోవాలి. అంకె అయిదొందలు దాటకపోతే అది ఒప్పుకోదు. ముప్పై ఎనిమిది కొడితే ఏమందో తెలుసా? 'గోరువెచ్చని నీరు తాగి విశ్రాంతి తీసుకోండి' అంది!"

"మేడమ్, ప్రోటీన్ మరీ ఎక్కువై అంకె తక్కువగా వచ్చిందనుకుంటున్నాను."

"అయితే పలచన చేసి చూడు."

రామతులసి గుమ్మానికున్న బోర్డు వంక చూసింది. సుగుణమ్మ కూడా చూసింది. ఆవిడ అన్న మాట ఇక్కడ రాయడానికి వీల్లేదు.

బెంచీ మీద సత్యవేణి అంతా వింటోంది. "ఎక్కువై తక్కువ రావడం ఏటమ్మా? నాకు బోధపడనేదు" అంది.

రామతులసి ఆమె పక్కన కూర్చుంది. "బస్టాండులో కూలీలుంటారు చూడు. ఒక్కో మూటని ఇటొకడూ అటొకడూ ఇద్దరు పట్టుకోవాలని రూలు అనుకో. ఇద్దరు కలిసి పట్టుకున్న మూటల్నే మేస్త్రీ లెక్కపెడతాడు. ఆ మిషనులో జరిగేది అదే. రోజూ వచ్చినట్టు పది మూటలొస్తే లెక్క సరిపోతుంది. ఒక్కసారిగా పదివేల మూటలొచ్చి పడ్డాయనుకో, ఏం చేస్తారు?"

"తలోటీ ఎత్తుకుంటారు."

"అంతే. ఇద్దరు పట్టుకున్న మూట ఒక్కటీ ఉండదు. మేస్త్రీ చూసి, ఇవాళ సరుకే రాలేదని రాసుకుంటాడు."

సత్యవేణి మొగుడి పొట్ట వంక చూసి, "పదివేల మూటలా" అంది చిన్నగా.

రామతులసి ఆ మధ్యాహ్నమే విశ్వపతి గారి కచేరీకి వెళ్ళింది. ఆయన శ్రద్ధగానే విన్నారు. వింటూ ఆమె అర్జీని రెండుసార్లు వాసన చూశారు.

"అనగా ప్రోటీను విపరీతముగా ఉన్నవానికి అంకె తక్కువ వచ్చునందువు."

"అవునండీ."

"మరి బొత్తిగా లేనివానికో?"

"వాళ్ళకీ తక్కువే వస్తుందండీ."

"ఉన్నవానికీ తక్కువే, లేనివానికీ తక్కువే. సమసమాజమన్న ఇదియే కదమ్మా! దానిని మీరేల చెడగొట్టవలె?"

"అతనికి ఇరవై తొమ్మిదేళ్ళండీ. అంకె రాకపోతే పట్నం పంపరు. పంపకపోతే..."

"భావోద్వేగములను వాస్తవములతో కలుపుట కూడ ఒక విధమైన కల్తీయే" అని ఆయన అర్జీని వెనక్కి ఇచ్చేశారు.

రామతులసి ల్యాబ్‌కి తిరిగొచ్చి, మిషను ముందు కూర్చుని ఏడ్చింది. ఇరవై రెండేళ్ళలో ఆమె అక్కడ ఏడవడం అదే మొదలు. కోపంతో వచ్చిన ఏడుపది. పలచన చేయడం ఆమెకి రెండు నిమిషాల పని. కానీ ఉత్తర్వుకు వ్యతిరేకంగా వచ్చిన అంకెను ఉచిత వైద్యం వాళ్ళు తీసుకోరు. ఆమె ఉద్యోగం పోతే పోయింది, లోవరాజుకి దాంతో ఒరిగేది లేదు.

బంగారునాయుడు టీ గ్లాసు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఉత్తర్వు కాగితం గోడ మీంచి తీసి, కళ్ళద్దాలు సవరించుకుని మొదటినుంచీ చివరిదాకా చదివాడు.

"తులసమ్మా, ఇందులో ఏం రాశాడు? రక్తంలో నీళ్ళు కలపరాదు అని రాశాడు."

"అవును."

"నీళ్ళలో రక్తం కలపరాదు అని ఎక్కడుంది?"

రామతులసి తలెత్తింది.

"ముప్పై ఏళ్ళు చూశానమ్మా ఈ శాఖని. పాలల్లో నీళ్ళు పోస్తే మాది. నీళ్ళల్లో పాలు పోస్తే మాది కాదు, నీళ్ళవాళ్ళది. ఆ నీళ్ళు పంచాయతీవి కావచ్చు, కాలవవి కావచ్చు, ఎవరూ పట్టించుకోరు. నువ్వు చేసే పనిలో తొంభై తొమ్మిది పాళ్ళు నీళ్ళేనన్నావు. అది నీళ్ళ శాంపిలే అవుతుంది గానీ రక్తం శాంపిల్ ఎందుకవుతుంది?"

ఆ రోజే రామతులసి ఇంకో అర్జీ రాసింది. ఆసుపత్రిలో ఉన్న కొంత ద్రావణంలోకి లోవరాజు అనే వ్యక్తి రక్తం ఒక శాతం చేరబోతోందనీ, ఆ ద్రావణంలో ప్రోటీన్ ఎంతుందో కొలవడానికి అనుమతి కావాలనీ అందులో ఉంది. విశ్వపతి గారు చదివి, వాసన చూసి, గంభీరంగా తల ఊపారు. ఇది జలకాలుష్యమని, తమ పరిధిలోనిది కాదని, తమకు ఎట్టి అభ్యంతరమూ లేదని రాసి, నకలు నీటిపారుదల శాఖకు పంపారు. నీటిపారుదల శాఖ వారు ఎప్పటిలాగే జవాబివ్వలేదు. జవాబు రానియెడల అనుమతి ఇచ్చినట్లే పరిగణించబడునని గుణాకరరావుకి ఏదో పాత జీవో గుర్తొచ్చింది. తన సర్వీసులో ఆయన అంత ధైర్యంగా గుర్తు తెచ్చుకున్నది ఇంకోటి లేదు.

రామతులసి "నీటి రిజిస్టరు" అని అట్ట మీద రాసి కొత్త పుస్తకం తెరిచింది. ముందు ద్రావణం కొలిచి పోసింది. తర్వాత పిపెట్‌తో లోవరాజు రక్తపు తేట అందులోకి వదిలింది. ముందు ఏది, తర్వాత ఏది అన్నదానికి బంగారునాయుడు సాక్షి సంతకం పెట్టాడు. వంద రెట్లకు మిషను పద్దెనిమిది నిమిషాలు తీసుకుని "వెయ్యికి పైన" అంది. వెయ్యి రెట్లు చేసింది. మళ్ళీ పద్దెనిమిది నిమిషాలు. సత్యవేణి గుమ్మంలో నిలబడి, బోర్డు చివర పట్టుకుని ఉంది. మిషను కాగితం కక్కింది.

రెండువందల ఎనభై ఆరు. హెచ్చిస్తే రెండు లక్షల ఎనభై ఆరు వేలు.

సత్యవేణికి అంత పెద్ద అంకె విన్నందుకు ఏడవాలో, పట్నం పంపుతారన్నందుకు నవ్వాలో తెలీలేదు. "అయితే ఎల్లిపోవచ్చా?" అని మాత్రం అడిగింది.

లోవరాజు మర్నాడే పట్నం వెళ్ళాడు. మూడు విడతలు మందెక్కించారు. జుట్టూడిపోయింది గానీ పొట్ట తగ్గింది. నాలుగో విడతకు ముందు రక్తం చూపించుకు రమ్మని సాలిపేట పంపారు. ఈసారి మెట్లు ఆగకుండా ఎక్కాడు. అంకె ఎనిమిది వందల డెబ్బై వచ్చింది. మిషను లెక్కపెట్టగలిగిన అంకె కాబట్టి నీళ్ళ అవసరమే రాలేదు. రామతులసి సంతోషంగా అసలు రిజిస్టర్లో రాసేసింది.

అదే పొరపాటయింది. నెలాఖరు తనిఖీలో విశ్వపతి గారు ఆ రిజిస్టరు తెరిచారు. చికిత్సకు ముందు, స్వచ్ఛమైన రక్తంలో ముప్పై ఎనిమిది. చికిత్స తర్వాత, స్వచ్ఛమైన రక్తంలో ఎనిమిది వందల డెబ్బై. ఇరవై మూడు రెట్లు పెరిగింది!

"కావున పట్నపు ఆసుపత్రి మందులు కల్తీవై ఉండవలెను" అని ఆయన తేల్చారు. లోవరాజు అంకె తిరిగి ముప్పై ఎనిమిదికి వచ్చువరకు చికిత్స నిలిపివేయాలని నోటీసు తయారుచేయించారు. అది వెళ్తే ఉచిత వైద్యం కంప్యూటరు నాలుగో విడతను ఆపేస్తుంది. సోమవారం మందెక్కాలి. ఇవాళ శుక్రవారం.

సుగుణమ్మ ఫోనులో విశ్వపతి గారిని పట్టుకుని పావుగంట అరిచింది. ఆయన ఆమె మాటల్లో పరుషపదాలు కలిశాయని నోట్ చేసుకున్నారు. గుణాకరరావు సెలవు పెట్టాడు.

రామతులసి రెండు రిజిస్టర్లూ చంకలో పెట్టుకుని కచేరీకి వెళ్ళింది. ఈసారి బొమ్మలు తీసుకెళ్ళలేదు. కూలీల కథ చెప్పలేదు. చేతులు కట్టుకుని నిలబడింది.

"అయ్యా, తమరి దగ్గర ఒక తప్పు ఒప్పుకోవడానికి వచ్చాను."

విశ్వపతి గారు మెత్తబడ్డారు. "చెప్పుమమ్మా."

"లోవరాజు ఫైలు నీటి రిజిస్టరు మీద మొదలైందండీ. రెండు లక్షల ఎనభై ఆరు వేలు, నీటిలో. తమరే అనుమతించారు. ఇప్పుడు నా తెలివితక్కువ వల్ల అదే ఫైల్లోకి రక్తం రిజిస్టరు అంకె వచ్చి పడింది. నీటి ఫైల్లో రక్తం రిజిస్టరు కలిసిపోయింది."

విశ్వపతి గారి పెన్ను ఆగింది.

"తమరి నోటీసు అలాగే వెళ్తే, ఒకే ఫైల్లో రెండు రిజిస్టర్లు కలిపి సంతకం పెట్టినట్టవుతుంది. అంటే..." రామతులసి గొంతు తగ్గించింది. "ఆ మాట నా నోటితో అనలేనండీ."

విశ్వపతి గారు నోటీసు కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నారు. చాలాసేపు పీల్చారు. ఆయన నుదుటి మీద చెమట పట్టింది.

"కల్తీ!" అన్నారు గుసగుసగా. "నా సంతకముతోనే! అమ్మా, సమయమునకు వచ్చితివి."

నోటీసు ముక్కలు ముక్కలుగా చింపారు. ఎనిమిది వందల డెబ్బైని నీటి రిజిస్టరుకు బదిలీ చేయించారు. నీటిలో రెండు లక్షల ఎనభై ఆరు వేల నుంచి ఎనిమిది వందల డెబ్బైకి తగ్గింది కాబట్టి, జిల్లాలో నీటి నాణ్యత గణనీయంగా మెరుగుపడిందని నీటిపారుదల శాఖకు రాశారు. ఈసారి ఆ శాఖ వారు వెంటనే జవాబిచ్చారు. అది తమ కృషేనని.

సోమవారం లోవరాజుకి నాలుగో విడత ఎక్కింది. ఆపైన మిగిలిన గడ్డను పట్నంలో కోసి తీసేశారు. ఆ ఏడు ఆఖరున విశ్వపతి గారికి రాష్ట్రస్థాయి పదవి వచ్చింది. పోతూ పోతూ ఉత్తర్వు రద్దు చేయడం మర్చిపోయారు. కొత్తగా వచ్చినాయనకి మొక్కలు నాటే మాసం అప్పగించారు కనక, ఆసుపత్రిలో అడుగడుగునా గోతులు పడ్డాయి గానీ ల్యాబ్ జోలికి ఎవరూ రాలేదు. బంగారునాయుడు డెప్యుటేషన్ సంగతి కూడా అందరూ మర్చిపోయారు. ఆయన మాత్రం రోజూ వచ్చి పాలు కాస్తూనే ఉన్నాడు.

వానాకాలం మొదట్లో లోవరాజు, సత్యవేణి మళ్ళీ వచ్చారు. అతని తల మీద మెత్తగా జుట్టు మొలిచింది. ప్యాంటుకి బెల్టు పెట్టుకున్నాడు. రక్తం తీసి మిషనులో పెట్టింది రామతులసి. కాగితం వచ్చింది. ఆమె రెండుసార్లు చూసుకుంది.

"నాలుగు" అంది. "మామూలు మనుషులకుండేదే. పోయిందమ్మా సత్యవేణీ."

సత్యవేణి సంతోషించలేదు. ముఖం తెల్లబోయింది.

"నాలుగా? ముప్పై ఎనిమిదన్ననాడు రెండు లచ్చలున్నాది. నాలుగంటే మరెంతుంటాదో!"

"అది కాదమ్మా, ఈసారి నిజంగానే..."

"నానొప్పను. నీళ్ళు కలపమ్మా. నీళ్ళు కలిపితేనే నిజం సెప్తాదది."

లోవరాజు సిగ్గుపడ్డాడు. "ఊరుకోయే, మేడం సెప్తన్నారు గదా."

"నువ్వూరుకో. నీ నడుం నొప్పి మాట నమ్మీసి నాలుగు నెల్లు పోగొట్టుకున్నాను."

రామతులసి బంగారునాయుడి వంక చూసింది. ఆయన కళ్ళద్దాలు తీసి తీరిగ్గా తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆమె పది రెట్లు పలచన చేసి పెట్టింది. పద్దెనిమిది నిమిషాలు నలుగురూ మిషను వంకే చూశారు. కొలవడానికి ఏమీ దొరకలేదని మిషను చెప్పింది.

"ఇంకా కలుపు" అంది సత్యవేణి.

వంద రెట్లు చేసింది. మళ్ళీ పద్దెనిమిది నిమిషాలు. ఏమీ లేదు.

"ఇంకా."

వెయ్యి రెట్లు. ఏమీ లేదు.

అప్పటికి గానీ సత్యవేణి బెంచీ మీద కూర్చోలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. లోవరాజు ఏం చేయాలో తెలీక ఆమె వీపు మీద చెయ్యి వేసి, తీసి, మళ్ళీ వేసి, రామతులసి వైపు తిరిగాడు.

"మేడం, ఇంక కలపడం సాలు గానీ, తాగడానికి కాసిన్ని నీళ్ళుంటే ఇప్పించండి. పొద్దుటినుంచీ దాహం."

రామతులసి తన సంచిలోంచి సీసా తీసి ఇచ్చింది. అతను తలెత్తి గడగడా తాగుతుంటే సత్యవేణి కళ్ళు తుడుచుకుంటూ, "నాకూ ఉంచు" అంది.